వీసా అక్కర్లేదండి... ఆయ్!

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతుంటే అమలాపురంలో ఫ్లెక్సీల మీద సముద్రం రంగు మారిపోతుంది. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో మనం చూసే మట్టిరంగు నీళ్ళు కావవి. అడుగున ఇసుక కనిపించే పచ్చటి నీళ్ళు, వాటి మీద ఆకు కప్పు వేసిన గదులు, పక్కనే వంగిన కొబ్బరిచెట్టు. ‘బాలి అయిదు రాత్రులు’, ‘మాల్దీవులు నాలుగు రాత్రులు’, ‘మారిషస్ హనీమూన్’. కొబ్బరిచెట్టు చూడ్డానికి అంత డబ్బు పోసి అంత దూరం ఎందుకురా అని తాతగారు అంటూనే ఉంటారు, మనవడు టికెట్లు తీసేస్తూనే ఉంటాడు. కొత్త దంపతులే కాదు, టార్గెట్ కొట్టినందుకు రొయ్యల మేత కంపెనీ పంపే డీలర్లు, రిటైరైన మాస్టార్లు, చీటీ పాడిన డబ్బుతో బయల్దేరే స్నేహితుల బృందాలు కూడా ఇదే దారి పడుతున్నాయి. అమలాపురానికి రైలే ఇంకా రాలేదు. పాతికేళ్ళ కిందట మంజూరైన కోటిపల్లి–నరసాపురం లైను గోదావరి పాయల మీద వంతెనల దగ్గరే నడుస్తోంది. అయినా కొత్తపేట నుంచి బాలి దాకా దారి మాత్రం బాగానే పడింది.

బేరం తెగాక ఇంటి పెద్దాయన ఒక ప్రశ్న వేస్తారు. ‘మరి వీసా సంగతేంటి బాబూ?’

‘దానికి వీసా అక్కర్లేదండి, ఆయ్!’

ఇది పూర్తి అబద్ధం కాదు, సగం మాట. ఆ సగమే టికెట్టు అమ్ముడుపోయేలా చేస్తుంది. రెండో సగం చెప్పని పాపం శంషాబాద్ విమానాశ్రయం కౌంటర్ దగ్గర, రాత్రి రెండు గంటలకు, లగేజీ పక్కన నిలబడినప్పుడు బయటపడుతుంది.

అన్ని దీవులకూ ఒకే మాటా?

మాల్దీవుల సంగతే చూడండి. దాదాపు ఏ దేశంవాళ్ళకైనా అక్కడ దిగాక 30 రోజుల అనుమతి ఉచితంగా ఇస్తారు. అంతవరకు ఏజెంటు మాట నిజమే. అయితే ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ‘ఇముగా’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి. గది బుకింగు, తిరుగు టికెట్టు చేతిలో ఉండాలి. ఈ డిక్లరేషన్‌కు పైసా ఖర్చు లేదు. దాని పేరు చెప్పి ఏజెంటు డబ్బు అడిగితే అది అతని సర్వీసు చార్జీ, మాల్దీవుల ప్రభుత్వానిది కాదు.

బాలి విషయానికొస్తే ‘వీసా అక్కర్లేదు’ అన్న మాటే తప్పు. అక్కడ ఇచ్చేది ‘వీసా ఆన్ అరైవల్’, అంటే దిగాక కొనుక్కునే వీసా. రుసుము 5 లక్షల ఇండొనేసియా రుపియాలు. అంకె చూసి గుండె పట్టుకోకండి, మన డబ్బులో మూడు వేలకు అటూ ఇటూ. ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే అక్కడ వరుసలో నిలబడే పని తప్పుతుంది. 30 రోజులు ఉండొచ్చు, ఒక్కసారి మాత్రం ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దిగిన రోజును కూడా లెక్కలో వేస్తారు, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా. ఇది కాక 2024 ఫిబ్రవరి నుంచి బాలిలో అడుగుపెట్టే విదేశీయులందరి దగ్గరా లక్షన్నర రుపియాల పర్యాటక రుసుము విడిగా వసూలు చేస్తున్నారు. ప్యాకేజీ ధరలో ఇది కలిసి ఉందో లేదో అడిగి తేల్చుకోవాలి.

సింగపూర్‌కు మనకు వీసా కచ్చితంగా కావాలి. ఇక్కణ్నుంచైతే గుర్తింపు ఉన్న వీసా ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. అది చేతికొచ్చాక కూడా దేశంలోకి రానిచ్చేది, ఎన్ని రోజులు ఉండనిచ్చేది అక్కడి ఇమిగ్రేషన్ అధికారే. రెండేళ్ళు చెల్లే వీసా వచ్చిందంటే రెండేళ్ళు అక్కడ కాపురం పెట్టొచ్చని కాదు, ఆ రెండేళ్ళలో ఎప్పుడైనా వెళ్ళి తలుపు తట్టొచ్చని. వీసా గడువుకూ ఉండే గడువుకూ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు.

శ్రీలంక ఉదాహరణ ఏజెంట్లకు కూడా పాఠం. 2023 చివర్లో భారతీయులకు వీసా రుసుము లేకుండా చేసింది. 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వీసా పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించి రుసుములు పెంచింది. ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును నిలిపేసింది. సెప్టెంబరులో పాత ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) పద్ధతే తిరిగి వచ్చింది. ఒక్క ఏడాదిలో ఇన్ని మలుపులు. మార్చిలో టికెట్టు తీసుకుని సెప్టెంబరులో వెళ్ళినవాడికి బుక్ చేసిన నాటి రూలు ఎందుకూ కొరగాలేదు. థాయ్‌లాండ్ కూడా అంతే. ఫుకెట్ వెళ్ళేవాళ్ళకు 2024 జులైలో వీసా లేకుండా 60 రోజుల వెసులుబాటు వచ్చింది, 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరైంది. మీరిది చదివే నాటికి ఇందులో ఏ అంకైనా మారి ఉండొచ్చు. అందుకే బుక్ చేసిన రోజు ఒకసారి, బయల్దేరే వారం ముందు మరోసారి ఆ దేశపు అధికారిక వెబ్‌సైటు తెరిచి చూపించమని ఏజెంటును అడగాలి. పోయినేడాది మా బావమరిది వెళ్ళొచ్చాడన్నది ఆధారం కాదు.

విదేశం కాకపోయినా కాగితం కావాల్సిన దీవులున్నాయి. లక్షద్వీప్ మన దేశంలోదే, కానీ అక్కడివాళ్ళు కానివాళ్ళు ఎవరైనా పర్మిట్ తీసుకునే అడుగుపెట్టాలి. 1967 నాటి నిబంధనలు ఇంకా అమల్లోనే ఉన్నాయి. అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, మనకు ఏ పర్మిటూ అక్కర్లేదు. ఆదివాసుల రక్షిత ప్రాంతాలు మాత్రం నిషిద్ధం. 2025 వసంతంలో ఒక అమెరికన్ ఉత్తర సెంటినెల్ దీవికి దొంగతనంగా వెళ్ళి, అక్కడివాళ్ళకు కానుకగా ఒక కూల్‌డ్రింకు డబ్బా, ఒక కొబ్బరికాయ వదిలి వచ్చి అరెస్టయ్యాడు. కొబ్బరికాయ ఇచ్చి జైలుకెళ్ళొచ్చన్న సంగతి కోనసీమవాళ్ళం ఆ రోజే విన్నాం.

ఆపేది ఆ దేశం కాదు, విమానం కంపెనీ

దీవిలో దిగాక ఏమవుతుందోనని అందరూ భయపడతారు. నిజానికి ఎక్కువ ప్రయాణాలు ఆగిపోయేది మన విమానాశ్రయంలోనే. కాగితాలు సరిగా లేని ప్రయాణికుణ్ని తీసుకెళ్తే, అతణ్ని వెనక్కి తెచ్చే బాధ్యత ఆ విమాన సంస్థదే, చాలా దేశాల్లో జరిమానా కూడా దాని మీదే పడుతుంది. అందుకే చెక్-ఇన్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి నవ్వుతూనే ఒక్కో కాగితం అడుగుతుంది. ఆమె ముందున్న కంప్యూటర్‌లో ‘టిమాటిక్’ అనే సమాచార వ్యవస్థ ఉంటుంది. ఏ దేశం పాస్‌పోర్టుతో ఏ దేశానికి వెళ్తున్నారో కొడితే వీసా, పాస్‌పోర్టు గడువు, తిరుగు టికెట్టు, టీకాల నిబంధనలు అందులో కనిపిస్తాయి. ఏజెంటు ఫోనులో మీకిచ్చిన హామీ ఆమెకు కనిపించదు. కాబట్టి ఏజెంటు బుకింగు రోజునే ఆ సమాచారం తీసి, ప్రింటు కొట్టి ఇవ్వాలి. అయిదు నిమిషాల పని.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు ఉండాలన్నది చాలా దీవులు పెట్టే షరతు. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే తీరిపోతుందని తల్లిదండ్రులకు గుర్తుండదు. మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చిన ఏడాది తడిసి, బీరువాలో బూజు పట్టి, ఫొటో పేజీ అంచు ఊడిన పాస్‌పోర్టులు లంక గ్రామాల్లో తక్కువేం కాదు. గడువు ఎంత ఉన్నా చెడిపోయిన పాస్‌పోర్టును తిప్పి పంపేస్తారు. బాలికి వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. మంచి ఏజెంటు జిరాక్సు వాట్సాప్‌లో పంపమనడు, అసలు పుస్తకం తెమ్మని ప్రతి పేజీ తిప్పి చూస్తాడు.

దారిలో దిగే దేశం సంగతి ఎవరూ అడగరు. తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్న ఫిజీకి సిడ్నీ మీదుగా చవగ్గా టికెట్టు దొరికిందని తీసుకుంటే, ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా లేక ఇక్కడే ఆగిపోతారు. చవక టికెట్టు చవక కాదని అప్పుడు తెలుస్తుంది.

వీర వెంకట సత్యనారాయణ కష్టాలు

వీసా గొడవల్లో తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా తగిలేది పేరు. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్నవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఇంటికొకరుంటారు. బడి రికార్డులో వి.వి.ఎస్.ఎన్., ఆధార్‌లో సత్యనారాయణ, పాన్‌కార్డులో ఇంటిపేరు చివర్న, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఊళ్ళో ‘సత్తిబాబు’ అంటే సరిపోతుంది, ఇమిగ్రేషన్ కంప్యూటర్‌కు సరిపోదు. ఇంటిపేరు లేకుండా ఒకే పేరుతో ఉన్న పాస్‌పోర్టుకు యూఏఈ 2022 నవంబరు 21 నుంచి విజిట్ వీసా ఇవ్వడం ఆపేసింది. మారిషస్‌కు దుబాయ్ మీదుగా వెళ్తూ రెండు రోజులు అక్కడ కూడా చూద్దామనుకున్న జంట ఇక్కడ ఇరుక్కుంటుంది.

కొత్త పెళ్ళికూతురి విషయంలో ఇంకో తొందర. ఆమె పాస్‌పోర్టు పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటుంది, ఏజెంటు మాత్రం ముచ్చటపడి టికెట్టు అత్తింటి ఇంటిపేరుతో తీస్తాడు. పెళ్ళయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలని ఎక్కడా లేదు. పాస్‌పోర్టులో అక్షరం ఎలా ఉందో టికెట్టులో, వీసా ఫారంలో, హోటల్ బుకింగులో అలాగే ఉండాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మనవల్ని తీసుకుని తాతయ్యా అమ్మమ్మా వెళ్ళడం కూడా ఇక్కడ మామూలే. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్ళు మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో. అలాంటప్పుడు తల్లిదండ్రుల అంగీకారపత్రం నోటరీ చేయించి వెంట ఉంచుకోవాలి. ప్రభుత్వ టీచర్లయితే విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఇవి వీసా ఫారంలో ఉండవు కాబట్టి ఏజెంటు నోరు విప్పితేనే తెలుస్తాయి.

చదవని కాగితం మీద వేలిముద్ర

గౌతమి దాటి యానాం పక్కకు వెళ్తే కోరంగి. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తాం. ఒకప్పుడది ఓడలు ఆగే రేవు. 19వ శతాబ్దంలో తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కిన రేవుల్లో అదీ ఒకటి. ఆ దీవిలో తెలుగువాళ్ళను చాలాకాలం ఆ రేవు పేరుతోనే పిలిచారు. అంతకంటే ముందే, 1828లో, యానాం నుంచి కొద్దిమంది తెలుగువాళ్ళను ఫ్రెంచివాళ్ళు రీయూనియన్ దీవికి ఒప్పందం మీద తీసుకెళ్ళారు. తమకు చదవరాని కాగితం మీద వేలిముద్ర వేసి సముద్రం దాటినవాళ్ళు వాళ్ళు. మారిషస్ వెళ్ళినవాళ్ళు పోర్ట్ లూయీలో దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒప్పందం తీరిపోయినవాళ్ళు కూడా ఫొటో అతికించిన టికెట్టు, పోలీసు పాస్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని 1867లో మారిషస్ చట్టం చేసింది. అది లేకుండా దొరికినవాణ్ని దేశదిమ్మరి కింద జైల్లో పెట్టేవారు. అదే మారిషస్‌లో 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఇవాళ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ముందస్తు వీసా లేకుండా, తిరుగు టికెట్టూ బస వివరాలూ ఖర్చుకు డబ్బూ చూపించి అక్కడికి వెళ్తున్నారు.

ఈ కథ ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆన్‌లైన్ వీసా ఫారాన్ని మన తరఫున ఏజెంటు నింపుతాడు. అందులో ‘పైన రాసినవన్నీ నిజం’ అని టిక్కు పెట్టేది మన పేరు మీద. చాలా ఆఫీసుల్లో దరఖాస్తుదారు ఫోను నంబరు, ఈమెయిల్ గడుల్లో ఏజెంటు తన సొంతవే రాసేస్తాడు. వీసా అతనికే వస్తుంది, తిరస్కరణ కారణం కూడా అతనికే తెలుస్తుంది. ఉద్యోగం గడిలో ‘బిజినెస్’ అని, నెలసరి ఆదాయం గడిలో నోటికొచ్చిన అంకె వేసేవాళ్ళున్నారు. రద్దు చేసుకునే డమ్మీ టికెట్టు, సర్దుబాటు చేసిన బ్యాంకు స్టేట్‌మెంటు ఇంకా ప్రమాదం. దొరికితే తిప్పి పంపే ముద్ర పడేది పాస్‌పోర్టు యజమానికి. పంపే ముందు ఫారం మొత్తం తెలుగులో చదివి వినిపించమనండి. ఈమెయిల్ మీదే పెట్టించండి. ప్రభుత్వ రసీదు ఒకటి, సర్వీసు చార్జీ రసీదు ఒకటి వేరువేరుగా అడగండి. వీసా తిరస్కరిస్తే రుసుము వెనక్కి రాదన్న మాట ముందే చెప్పించుకోండి.

తిరిగి రాని టూరిస్టు

ఇంతవరకు చెప్పిన తప్పులు డబ్బుతో పోయేవి. ఇప్పుడు చెప్పేది మనిషినే మింగేది. కోనసీమలో విజిట్ వీసా అంటే చూసి రావడం అని అందరూ అనుకోరు. ‘ముందు విజిట్ మీద వెళ్ళు, అక్కడికెళ్ళాక వర్క్ వీసా కొట్టించేస్తాం’ అన్న మాట మీద నగలు కుదువ పెట్టిన ఇళ్ళు రాజోలు, అమలాపురం, పి.గన్నవరం చుట్టూ ఎన్నో ఉన్నాయి. హనీమూన్ ప్యాకేజీ అమ్మే చోటే పక్క కుర్చీలో ఈ బేరం కూడా నడుస్తుంటుంది.

చట్టం స్పష్టంగా ఉంది. 1983 వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపాలంటే విదేశాంగ శాఖ ఇచ్చే రిక్రూటింగ్ ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉండాలి. టికెట్లు అమ్మే బోర్డు దానికి పనికిరాదు. రిజిస్టర్డ్ ఏజెంటు కూడా రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) కోవలోకి వస్తుంది. వాళ్ళు 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళాలంటే ముందుగా వలస అనుమతి తీసుకోవాలి. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలతో పాటు బాలి ఉన్న ఇండొనేసియా, థాయ్‌లాండ్, మలేసియా, దీవి దేశమైన బహ్రెయిన్ కూడా ఉన్నాయి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. ఈ అనుమతి తీసుకుని వెళ్ళినవాళ్ళకు రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. టూరిస్టుగా వెళ్ళి పనిలో చేరినవాళ్ళకు అది ఉండదు, జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి ఒప్పందం కాగితమూ ఉండదు. పైగా ఆ దేశం లెక్కలో వాళ్ళే నేరస్తులు.

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో యువకుల్ని డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి టూరిస్టు వీసాల మీదే పంపారు. అక్కడ వాళ్ళతో చేయించింది సైబర్ మోసాలు. అదే ఏడాది జులైలో ఖతార్‌లో ఉద్యోగమని నమ్మి వెళ్ళిన ఒక కోనసీమ యువకుడు సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర తేలి, సెల్‌ఫోనులో ఏడుస్తూ వీడియో పెట్టాక గానీ సంగతి బయటికి రాలేదు. మన విమానాశ్రయాల్లో ఒంటరిగా బ్యాంకాక్ వెళ్తున్న కుర్రాణ్ని ఇమిగ్రేషన్ అధికారి గుచ్చి గుచ్చి అడగడం వెనక ఉన్నది ఇవే. నిజంగా చూడ్డానికే వెళ్తున్నవాళ్ళు హోటల్ పేరు, తిరుగు తేదీ, వెంట ఉన్న డబ్బు తడుముకోకుండా చెప్పగలిగితే చాలు.

బ్యాగులో కూడా వీసా ఉంటుంది

మనవాళ్ళ బ్యాగుల గురించి చెప్పకపోతే కోనసీమ కథ పూర్తి కాదు. ఎండు కొబ్బరి విమానంలో చెక్-ఇన్ లగేజీలో పనికిరాదు. దాన్లోని నూనె వల్ల మండే సరుకుల జాబితాలో పెట్టారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన పుట్టి పెరిగినవాడికి ఈ మాట ఎవరూ చెప్పరు, వాడేమో అక్కడి స్నేహితుడికి రెండు కేజీలు కట్టుకుంటాడు. సింగపూర్‌కు మసాలా పొడి తీసుకెళ్తే అందులో గసగసాలు ఉండకూడదు, అక్కడ అవి మాదకద్రవ్యాల నిషేధం కిందికి వస్తాయి. ఖైనీ, గుట్కా లాంటివి పూర్తిగా నిషిద్ధం. తాతగారి చుట్టల కట్టకైతే సుంకం మినహాయింపు ఒక్క చుట్టకు కూడా లేదు. మాల్దీవులకు పూజా విగ్రహాలు, మద్యం తీసుకెళ్ళకూడదు. అయినవిల్లి వినాయకుడి చిన్న ప్రతిమ అయినా సరే, ఇంట్లోనే దండం పెట్టుకుని వెళ్ళాలి. మారిషస్‌లో నిద్రమాత్రలు, కొడీన్ కలిసిన దగ్గుమందు, కొన్ని నొప్పి మాత్రల మీద గట్టి నిఘా ఉంది. డాక్టరు చీటీ లేకుండా, స్ట్రిప్పుల్లోంచి తీసి పొట్లం కట్టుకెళ్తే పర్యటన పోలీసు స్టేషన్లో మొదలవుతుంది.

ఏజెంట్ల వైపు న్యాయం కూడా చెప్పాలి. అయిదొందలు తక్కువని పక్క వీధికి వెళ్ళిపోయే ఖాతాదారుకు ఇవన్నీ గంటసేపు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? చెబితే భయపడి టూరే మానేస్తాడేమోనన్న బెంగ ఒకటి. అయినా చెప్పాలి. ప్యాకేజీ ఎంత అన్న దానికంటే ఏం చెప్పారన్న దాన్ని బట్టి ఏజెంటును ఎంచుకునే రోజు మన ఊళ్ళకు ఇంకా రాలేదు, రావాలి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ట్రావెల్స్ వాళ్ళకు ఒక విన్నపం. టికెట్టుతో పాటు తెలుగులో ఒక పేజీ కాగితం ఇవ్వండి. అది ఏ రకం వీసా, ఎన్ని రోజులు, దిగిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా, ముందుగా నింపాల్సిన ఫారమేది, ఏ రుసుము విడిగా కట్టాలి, ఏ వస్తువు తీసుకెళ్ళకూడదు, ఈ వీసా మీద పని చేస్తే ఏమవుతుంది అన్నవి రాసి, కింద మీ సంతకం పెట్టండి. ఖాతాదారులు ఆ కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. ఉద్యోగం మాట ఎత్తిన ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరును ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో సరిచూసుకోండి. అనుమానం ఉంటే బయల్దేరక ముందే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోను చేయండి. టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090.